కష్టకాలంలో ఇంటి కూరగాయల మడి: మనసు కుదుటపడేలా ఎలా పెంచుకోవాలి

ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా మంచాన పడినా, అయినవాళ్లు దూరమైనా చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే మాట ఒకటే: "ఏదో ఒక పని పెట్టుకో, మనసు మళ్లుతుంది." ఏ పని అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. నన్నడిగితే కూరగాయల మడి అంటాను. ఏదీ మన చేతుల్లో లేదనిపించే రోజుల్లో కూడా, ఈ పూట మొక్కకు నీళ్లు పోశామా లేదా అన్నది మన చేతిలోనే ఉంటుంది. అయితే మంచి రోజుల్లో సరదాకి పెంచే తోట వేరు, కష్టకాలంలో పెంచే తోట వేరు. ఈ రెండోది ఓపిక లేని రోజున కూడా దానిపాటికది సాగిపోవాలి. అందుకు తగ్గట్టు మొదటి నుంచే వేసుకోవాలి.

ఇదేమీ కొత్త సంగతి కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్, అమెరికా ప్రభుత్వాలు పెరళ్లలో, పార్కుల్లో, బడి ఆవరణల్లో కూరగాయలు పండించమని జనాన్ని ప్రోత్సహించాయి. 1943 నాటికి ఒక్క అమెరికాలోనే అలాంటి తోటలు సుమారు 2 కోట్లు ఉండేవని అప్పటి అంచనా. తిండి కొరత తీరడం ఒక ఎత్తు, యుద్ధానికి వెళ్లినవాళ్ల కోసం ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు చేతినిండా పని దొరకడం ఇంకో ఎత్తు. 2020 లాక్‌డౌన్ మొదట్లో కూడా జనం విత్తనాల మీద పడ్డారు. ఆర్డర్లు తట్టుకోలేక కొన్ని విత్తనాల కంపెనీలు కొన్నాళ్లు అమ్మకాలు ఆపేశాయి.

నెదర్లాండ్స్ పరిశోధకులు చేసిన ఒక చిన్న అధ్యయనం 2011లో అచ్చయింది. తోటపని అలవాటున్న 30 మందికి ముందు కావాలనే టెన్షన్ పెట్టే పరీక్ష ఒకటి ఇచ్చారు. ఆ తర్వాత కొందరు అరగంట తోటపని చేశారు, మిగతావాళ్లు అంతే సేపు లోపల కూర్చుని చదువుకున్నారు. ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ ఇద్దరిలోనూ తగ్గింది కానీ, తోటపని చేసినవాళ్లలో ఎక్కువ తగ్గింది. ఇంత చిన్న అధ్యయనాన్ని పట్టుకుని తోటే మందు అనడం అతి అవుతుంది. ఆ అరగంట లెక్క మాత్రం గుర్తుంచుకోండి, రోజువారీ పని దగ్గర పనికొస్తుంది.

మొదటి పని: మడిని చిన్నది చేసుకోవడం

మనసు బాగోలేనప్పుడు మనిషి రెండే పనులు చేస్తాడు. అసలేమీ చేయడు, లేదా ఒక్కరోజులో అంతా చేసేయాలనుకుంటాడు. పెరడంతా తవ్వించి, ఇరవై రకాల విత్తనాలు తెచ్చి, నెల తిరక్కుండానే కలుపు మొక్కల మధ్య నిలబడి "ఇది కూడా చేతకాలేదు" అనుకోవడం ఈ రెండో రకం వాళ్ల దారి. ఉన్న దిగులుకు ఇంకో దిగులు తోడవుతుంది.

నేల ఉంటే 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవున్న ఒక్క మడి చాలు. వెడల్పు 4 అడుగులు దాటనివ్వకండి. రెండు వైపుల నుంచీ చేయి చాస్తే మధ్యదాకా అందాలి, మడిలో కాలు పెట్టే అవసరం రాకూడదు. తొక్కిన మట్టి గట్టిపడి వేళ్లకు గాలి ఆడదు. నేల లేకపోతే కుండీలు ఐదారు చాలు. ఆకుకూరలకు 6 అంగుళాల లోతున్న వెడల్పాటి తొట్టి సరిపోతుంది. టమాటా, వంగ లాంటివాటికి కనీసం 12 అంగుళాల లోతు, అంతే వెడల్పు కావాలి. అడుగున చిల్లులు లేనిదే ఏ కుండీలోనూ మొక్క పెట్టకండి.

"ఇంతేనా?" అని ఇంట్లో ఎవరైనా అంటే అననివ్వండి. పంట చేతికొచ్చాక పెంచుకోవచ్చు.

చోటు: కంటికి కనబడాలి

పుస్తకాలన్నీ ముందు ఎండ చూసుకోమంటాయి. నిజమే. కాయగూరలకు రోజుకు 6 నుంచి 8 గంటల ఎండ కావాలి, ఆకుకూరలు 3, 4 గంటలతో సర్దుకుంటాయి. కానీ కష్టకాలంలో ఎండతో పాటు ఇంకోటి చూడాలి. పొద్దున లేచి తలుపు తీయగానే, లేదా వంటింటి కిటికీలోంచి, ఆ మడి కనబడుతుందా? పెరటి చివర గోడ వెనక ఎంత మంచి ఎండ ఉన్నా, మంచం దిగబుద్ధి కాని రోజున అక్కడికి ఎవరూ వెళ్లరు. కాస్త ఎండ తక్కువైనా కళ్లెదుట ఉన్న చోటుకే నా ఓటు. అక్కడ ఆకుకూరలు వేసుకుంటే సరి. నీళ్ల కొళాయి కూడా దగ్గరుండాలి. బకెట్ మోసుకెళ్లాల్సి వస్తే వారం తిరిగేసరికి ఆ పని వాయిదా పడుతుంది.

మట్టి

మడి అయితే అడుగు లోతు గుల్లగా తవ్వి, రాళ్లూ వేళ్లూ ఏరేసి, బాగా చివికిన పశువుల ఎరువో కంపోస్టో రెండు మూడు అంగుళాల మందాన పరిచి కలపండి. పచ్చి ఎరువు వేస్తే ఆ వేడికి వేళ్లు మాడిపోతాయి. కుండీలకైతే మట్టి, కంపోస్టు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సమపాళ్లలో కలిపితే సరిపోతుంది.

తవ్వడానికి మట్టి సిద్ధంగా ఉందో లేదో తెలియాలంటే గుప్పెడు తీసుకుని గట్టిగా పిసకండి. గుప్పిలి విప్పి వేలితో ఆ ముద్దను కదిపితే పొడిపొడిగా విడిపోవాలి. బంకలా అంటుకుంటే ఇంకో రెండు రోజులు ఆగండి, తడి మట్టిని తవ్వితే గడ్డలు కడుతుంది. కోపం, ఉక్రోషం లోపల పెట్టుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే తవ్వే పని వాళ్లకే వదిలేయండి. ఎవరూ వెంట నిలబడి సలహాలు ఇవ్వకండి.

ఏం వేయాలి

తొందరగా వచ్చేది, నెమ్మదిగా వచ్చేది, నెలల తరబడి కాసేది, మూడూ కలిపి వేయాలి. ఒక్కో రకం ఎదురుచూపు ఒక్కో అవసరాన్ని తీరుస్తుంది.

మొదటి రోజున తొందరగా వచ్చేవి చల్లండి. మెంతులు, తోటకూర, ముల్లంగి. మెంతులు రాత్రి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, మూడు నాలుగు వారాల్లో కోతకు వస్తాయి. తోటకూర విత్తనం ఆవగింజ కంటే చిన్నది, ఇసుకలో కలిపి చల్లితే ఒకే చోట పడకుండా ఉంటుంది. ముల్లంగిలో పొట్టి రకాలు నెల లోపే చేతికొస్తాయి. భవిష్యత్తు మీద నమ్మకం సడలిన మనిషికి మూడు నెలల తర్వాత వచ్చే టమాటా గురించి చెప్పి లాభం లేదు. వారం తిరక్కుండా ఏదో ఒకటి పచ్చగా కనబడాలి.

రెండోది బెండ, బీన్స్, గోరుచిక్కుడు లాంటివి. గింజ పెద్దది కాబట్టి పిల్లలూ పెద్దవాళ్లూ సులువుగా నాటగలరు. అంగుళం లోతులో, బెండ అయితే అడుగు ఎడంతో పెట్టండి. బెండ గింజలు కూడా రాత్రి నానబెడితే త్వరగా మొలుస్తాయి. నెలన్నర, రెండు నెలల్లో కాపు మొదలవుతుంది.

ఈ పెద్ద గింజలు మొలిచేటప్పుడు ఒకసారి వంగి దగ్గరగా చూడండి. బీన్స్ గింజ అయితే మరీ బాగుంటుంది. నాటిన వారానికి మట్టి మీద ముందు ఒక పగులు కనబడుతుంది. ఆ మర్నాటికి పగులు పెచ్చులా పైకి లేస్తుంది. లోపల్నుంచి ముందు వచ్చేది ఆకు కాదు, వంగిన మెడ. తల ఇంకా మట్టిలోనే ఉంటుంది, మెడతోనే మట్టిని నెడుతుంది. లేత చివర రాపిడికి చెడకుండా ఆ వంపు కాపాడుతుంది. వెలుగు తగిలాక మెడ నిటారుగా అయి, గింజ రెండు బద్దలుగా విచ్చుకుని, మధ్యలోంచి అసలు ఆకులు వస్తాయి. ఇదంతా రెండు మూడు రోజుల్లో జరిగిపోతుంది. చూడాలంటే రోజూ వెళ్లాలి. బయట పనేమీ లేదనుకునే మనిషిని పొద్దున్నే గడప దాటించడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

మూడోది వంగ, మిరప. వీటికి ముందు నారు పోసుకోవాలి, లేదా నారు తెచ్చి నాటుకోవాలి. కాపు రావడానికి రెండు మూడు నెలలు పట్టినా, ఒకసారి మొదలయ్యాక నెలల తరబడి కాస్తాయి. చోటుంటే ఒక్క తీగ, సొరో బీరో, పందిరికి ఎక్కించండి. ఒక్కటంటే ఒక్కటే. సొరపాదు ఒకసారి అందుకుందంటే ఇంటిల్లిపాదీ తిని ఇరుగుపొరుగుకు పంచినా మిగులుతుంది.

ఏ నెలలో ఏది వేయాలన్నది మీ ప్రాంతపు వాతావరణాన్ని బట్టి ఉంటుంది. దగ్గర్లో రెండేళ్లుగా కూరగాయలు పెంచుతున్నవాళ్లను అడగండి. విత్తనాల ప్యాకెట్ వెనక రాసిన దానికంటే వాళ్ల మాటే నయం. పైగా ఆ వంకన ఒక మనిషితో మాట్లాడినట్టూ ఉంటుంది.

ఎవరి పని వాళ్లకు పంచడం

ఇంటి తోట అసలు పనికొచ్చేది ఇక్కడే. కష్టంలో ఉన్న ఇంట్లో అందరూ ఒకరినొకరు తప్పించుకుని తిరుగుతారు. ఎదురెదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియదు. అదే మనుషులు పక్కపక్కన కూర్చుని, చూపు మట్టి మీద పెట్టి కలుపు తీస్తుంటే, మధ్యలో ఎప్పుడో ఒక మాట బయటికొస్తుంది. రాకపోయినా ఫర్వాలేదు, ఎవరూ మౌనంగా ఉన్నట్టు అనిపించదు. అందుకే రోజూ ఒకరే చేసుకుపోకుండా, వారానికి ఒకటి రెండు సార్లయినా ఇద్దరు కలిసి చేసే పని ఒకటి ఉంచండి. పందిరి కట్టడం, కలుపు తీయడం, కోత కోయడం.

పనులు మనిషిని బట్టి పంచండి. చిన్నపిల్లలకు గింజలు నాటడం, కాయలు కోయడం ఇవ్వండి, నీళ్లు ఇవ్వకండి, చెరువు చేస్తారు. టీనేజీ పిల్లలు కలుపు తీయమంటే విసుక్కుంటారు కానీ, పందిరి నిలబెట్టమనో డబ్బాతో చుక్కచుక్కగా నీళ్లు కారే డ్రిప్ తయారుచేయమనో అంటే ముందుకొస్తారు. వంగలేని తాతయ్యకో అమ్మమ్మకో కుర్చీలో కూర్చుంటే అందే ఎత్తులో, రెండు రెండున్నర అడుగుల బల్ల మీద, ఆకుకూరల తొట్టి పెట్టండి. అది వాళ్లది. పక్కవాళ్లు అడక్కుండా దాన్ని ముట్టుకోకూడదు. జబ్బు పడి అన్నిటికీ ఇంకొకరి మీద ఆధారపడే మనిషికి, తన మీద ఆధారపడేది ఒకటి ఉండటం చాలా పెద్ద సంగతి.

ఒక్క నియమం పెట్టుకోండి: తోట గురించి ఎవరూ ఎవరినీ దెప్పకూడదు. "మూడు రోజులైంది, నీ మొక్కకు నీళ్లు పోశావా?" అన్న ఒక్క మాట చాలు, మడి కూడా ఇంట్లో గొడవల జాబితాలో చేరడానికి. ఎవరైనా పోయకపోతే చూసినవాళ్లు పోసేయాలి, ఆ సంగతి ఎత్తకూడదు. దుఃఖంలో ఉన్న మనిషిని "రా, తోటలోకి రా, బాగుంటుంది" అని లాక్కెళ్లడం కూడా వద్దు. వాళ్లు కూర్చునే చోటు పక్కన కోసిన ఆకుకూర కట్ట పెట్టి వెళ్లండి. ఆకులు తుంచబుద్ధయితే తుంచుతారు.

రోజూ అరగంట

పొద్దున్నే, ఎండ ముదరక ముందు వెళ్లండి. ఫోన్ లోపలే వదిలేయండి. చెడ్డ కబురు వస్తుందేమోనని ఎదురుచూసే రోజులైతే ఫోన్ ఇంకొకరి చేతికిచ్చి వెళ్లండి.

ముందు చూడటం. మడి చుట్టూ ఒకసారి నడిచి ఏది మొలిచింది, ఏది వాలింది చూడండి. నాలుగైదు ఆకులు తిప్పి అడుగున పరీక్షించండి, పురుగులు గుడ్లు పెట్టేది ఎక్కువగా అక్కడే. తర్వాత తడి. చూపుడు వేలు రెండో కణుపు దాకా మట్టిలో దించండి. అంత లోతున తడి తగిలితే నీళ్లు అక్కర్లేదు. పొడిగా ఉంటే నిదానంగా, మొదలు దగ్గర, లోపలిదాకా తడిసేలా పోయండి. రోజూ పైపైన చిలకరించడం కంటే రెండు రోజులకొకసారి బాగా తడపడం మంచిది, వేళ్లు లోతుకు దిగుతాయి. కుండీలు తొందరగా ఆరిపోతాయి కాబట్టి ఎండాకాలంలో వాటికి రోజూ కావాలి. ఆపైన ఒకే ఒక్క పని: కొంచెం కలుపు, లేదా ఒక తీగకు కట్టు, లేదా ఒక కోత. అరగంట కాగానే లోపలికి వచ్చేయండి. ఇంకా చేయాలనిపించినా రేపటికి మిగల్చండి.

పోయేవి పోతాయి

మామూలు రోజుల్లో ఒక మొక్క ఎండిపోతే పీకేసి ఇంకోటి పెడతాం. మనసు పచ్చిగా ఉన్నప్పుడు అదే మొక్క కోసం ఏడుపొస్తుంది. ఇది ముందే తెలిసి ఉంటే మంచిది. అవసరానికి మించి కొన్ని గింజలు ఎక్కువ వేయడం, ఒకే మొక్క మీద ఆశలన్నీ పెట్టుకోకపోవడం దీనికి జాగ్రత్త. ఎవరి జ్ఞాపకార్థమో మొక్క నాటాలనిపిస్తే ఆకుకూరలూ బెండలూ వద్దు, అవి కాపు కాగానే అయిపోతాయి. కరివేపాకో మునగో లాంటి ఏళ్లు నిలిచేవి చూసుకోండి.

చాలా నష్టాలు అసలు నష్టాలే కావు. సొరపాదు మొదటి పూలన్నీ రాలిపోతాయి, ఒక్క పిందె కూడా నిలవదు, పెట్టినవాళ్లు కంగారు పడతారు. ఆ రాలినవి మగపూలు. సొర, బీర లాంటి తీగల్లో ముందు అవే వస్తాయి, పుప్పొడి ఇచ్చి రాలిపోవడమే వాటి పని. ఆ తర్వాత వచ్చే ఆడపువ్వును గుర్తుపట్టడం తేలిక: పువ్వు వెనక వేలెడంత సొరకాయ బొమ్మ ఉంటుంది. మగపువ్వుకు ఉత్త కాడే. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కాబట్టి పగటిపూట తిరిగే తేనెటీగల సాయం తక్కువ. పిందెలు పసుపురంగుకు తిరిగి రాలిపోతుంటే, చీకటి పడే వేళ ఒక మగపువ్వు కోసి, రేకలు వెనక్కి వంచి, ఆడపువ్వు మధ్యభాగానికి మెల్లగా అద్దండి. కుదిరితే రెండు మూడు రోజుల్లోనే పిందె ఊరడం కనబడుతుంది.

నారు మొదలు దగ్గర మెత్తబడి పడిపోతే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం, తగ్గించండి, గాలి తగలనివ్వండి. లేత చివర్ల మీద పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) పడితే ముందు నీళ్లు గట్టిగా కొట్టి కడిగేయండి. అయినా తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున పడేలా చల్లండి. టమాటా అడుగున నల్లటి మచ్చపడి కుళ్లుతుంటే అది పురుగు పని కాదు. నీళ్లు ఒకరోజు ఎక్కువ, నాలుగు రోజులు అసలు లేకుండా పోసినప్పుడు కాయకు కాల్షియం సరిగా అందక అలా అవుతుంది. టమాటా ఆకులు ముడుచుకుపోయి మొక్క గిడసబారితే అది చాలావరకు తెల్లదోమ తెచ్చిన వైరస్, నయం కాదు. పీకేయండి.

అసలు చేయలేని రోజుల కోసం

ఇలాంటి రోజులు వస్తాయి. ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉండాల్సి రావచ్చు, లేదా లేవడానికే ఓపిక లేకపోవచ్చు. దానికి ముందే ఏర్పాటు చేసుకోండి. మొక్కల మొదళ్ల చుట్టూ ఎండుటాకులో ఎండుగడ్డో రెండు మూడు అంగుళాల మందాన పరవండి, కాడకు మాత్రం తగలకుండా. తడి ఆరడం, కలుపు మొలవడం రెండూ తగ్గుతాయి. ప్లాస్టిక్ సీసా మూతకు సన్నని చిల్లు పెట్టి, నీళ్లు నింపి, కుండీలో తలకిందులుగా గుచ్చితే ఒకటి రెండు రోజులు గడుస్తాయి. పొరుగువాళ్లకు ముందే చెప్పి ఉంచండి: "మేము కనబడకపోతే కాస్త నీళ్లు పోయండి, కాయలుంటే కోసుకోండి." కష్టంలో ఉన్న ఇంటికి ఏదైనా సాయం చేయాలని ఉండి, ఏం చేయాలో తెలియనివాళ్లు చుట్టూ చాలామందే ఉంటారు. ఇది వాళ్లు చేయగలిగిన సాయం.

తోట చేయలేనివి

24 చదరపు అడుగుల మడి ఇంటి ఖర్చును పెద్దగా తగ్గించదు. ఆకుకూరల వరకు కాస్త కలిసొస్తుంది, అంతే. ఆదాయం పోయిన ఇంట్లో కుండీలకీ సంచుల మట్టికీ డబ్బు తగలేయకండి. పాత బకెట్లు, చినిగిన సంచులు, వంటింటి తొక్కలతో చేసిన కంపోస్టు చాలు.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోయినా, దేని మీదా ఆసక్తి పుట్టకపోయినా డాక్టర్‌ను కలవండి. చచ్చిపోవాలనిపిస్తుంటే రెండు వారాలు కాదు, అదే రోజు ఎవరికైనా చెప్పండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అలాగే కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు మట్టిలో చేయి పెట్టేముందు తమ డాక్టర్‌ను అడగాలి. మట్టిలో, కంపోస్టులో ఉండే బూజులు, బ్యాక్టీరియా వాళ్లకు ప్రమాదం కావచ్చు. మిగతావాళ్లు కూడా పొడి కంపోస్టును తడిపి, దుమ్ము లేవకుండా చూసి కలపడం, తర్వాత చేతులు కడుక్కోవడం మంచిది.

కోత, విత్తనం

బెండకాయ రెండు రోజులకొకసారి కోయాలి, వదిలితే ముదిరి పీచు పడుతుంది, మొక్క కాపు తగ్గిస్తుంది. తోటకూర పీకకుండా నాలుగు వేళ్ల ఎత్తు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. మెంతికూర కూడా ఒకసారి అలా కోసుకోవచ్చు.

కాపు చివర్లో ఒక బెండ మొక్కను విత్తనానికి వదిలేయండి. బలంగా ఉన్నదాన్ని ఎంచుకుని, మంచి కాయలు నాలుగైదు ముదరనిచ్చి, మొక్క మీదే ఎండనివ్వండి. ప్యాకెట్ మీద ఎఫ్1 అనో హైబ్రిడ్ అనో ఉంటే ఈ శ్రమ అక్కర్లేదు, వాటి గింజల నుంచి అదే రకం రాదు. కాయ పగలడం మొదలయ్యాక కోసి, గింజలు ఒలిచి, వారం పాటు నీడలో ఆరబెట్టండి. గింజను గోటితో నొక్కితే గంటు పడకూడదు. కాగితపు కవరులో పోసి, మీద పేరు, నెల, సంవత్సరం రాసి, తేమ తగలని చోట పెట్టండి. రెండు కవర్లు చేసి ఒకటి నీళ్లు పోసిన పొరుగువాళ్లకు ఇవ్వండి.